పల్లేరు

ఈ సీమ పేరు మల్లీ.
ఎంత వెతికినా మల్లెమొగ్గ ఒక్కటి లేదు.
గోధుమ మోళ్ళు, ఉప్పు తేలిన చెరువు,
మూడు సైలోలు, మూసేసిన బ్యాంకు.
డాక్టరు నూట పది కిలోమీటర్ల అవతల.
నర్సు ఆరు వారాలకోసారి, దుమ్ము లేస్తే అదీ లేదు.

నెలలో రెండో మంగళవారం
ఫైర్ షెడ్డులో, ఎర్ర ట్రక్కు పక్కన
ఏడెనిమిది కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం.
అందరికీ అరవై దాటింది. అందరి రక్తమూ తీపే.

ఇరవై రెండేళ్ళు నేను సైలో దగ్గర గింజ పరీక్షించాను.
లారీ ఆగగానే పొడుగాటి గొట్టం గుచ్చి, గుప్పెడు తీసి
తేమ ఎంతో, సత్తువ ఎంతో చెప్పేదాన్ని.
డెస్ హీబల్ కిందనుంచి అరిచేవాడు:
"సరిగ్గా చూడు వక్, అది నా ఏడాది!"
వకుళ అనేంత తీరిక ఆ నోటికి ఎప్పుడూ లేదు.
ఇప్పుడు పొద్దున్నే నా వేలికి నేనే సూది గుచ్చుకుని
ఒక్క బొట్టులో నిన్నటి రాత్రిని చదువుకుంటాను.

ఇక్కడి నియమాలు ఎవరూ రాయలేదు.
తిట్టకూడదు. మెచ్చుకోకూడదు కూడా.
నోరీన్ చక్కెర లేకుండా చేసే గుమ్మడి స్కోన్లు
బాగున్నాయని మాత్రం అబద్ధమాడొచ్చు.
కోతల్లో, హార్వెస్టర్ మీదే కళ్ళు తిరిగి
జెల్లీబీన్స్ డబ్బా కోసం తడుముకున్న కథ
రెక్స్ నాలుగోసారి చెప్పినా వింటాం.
చెప్పిన ప్రతిసారీ ఆ పొలం ఇంకో పదెకరాలు పెరుగుతుంది.

డెస్ వంతు వస్తే, పొద్దుటి అంకె ఎప్పుడూ ఒకటే.
టోపీ సర్దుకుంటూ చెబుతాడు, నేను లోపల తెలుగు చేసుకుంటాను:
ఏడు.
నా భాషలో అది అంకె ఒక్కటే కాదు,
ఏడవమని చెప్పడం కూడా.
అతను ఏడవలేదు,
ఎల్వా పోయిన చలికాలంలో కూడా.

ఆ మంగళవారం నర్సు రాలేదు. ఫోనులో చెప్పింది:
మీ అరికాళ్ళు మీకు కనబడవు, ఒకరివొకరు చూసుకోండి.
యాభై ఏళ్ళుగా ఒకరి గొర్రెల గిట్టలు ఒకరు చూసినవాళ్ళు
ముందు మేజోడు ఎవరు విప్పాలో తెలీక
సిమెంటు నేల చూశారు.

డెస్ విప్పాడు. "ఎల్వా చూసేది" అన్నాడు, అంతే.
కళ్ళద్దాలు తుడుచుకుని కింద కూర్చున్నాను.
తెల్లటి మడమ, బీటలు, బొటనవేలి కింద
ఒక నల్లటి చుక్క. నొక్కాను. అతను కదల్లేదు.
నోరీన్ పట్టకారు అందించింది.
వచ్చింది, కొమ్ములతో సహా.
వాళ్ళు ఇంగ్లీషులో దానికేదో పేరు చెప్పారు.
నాకు అక్కర్లేదు. పల్లేరు కాయ.
చిన్నప్పుడు చెప్పుల్లేకుండా శనగచేను దాటుతూ
ఒంటికాలి మీద గెంతి నేను తిట్టిన ముల్లు.
ఇంత దూరం ఎలా వచ్చావని
అది నన్నడగలేదు, నేనూ దాన్నడగలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉందంటావ్?"
చుట్టూ ఎర్రబడిన తీరు చూస్తే నాలుగైదు రోజులు.
దాన్ని సాసరులో, కొరకని స్కోను పక్కన పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"పంతొమ్మిది" అన్నాడు. "ఇవాళ పంతొమ్మిది.
మొన్న ఇరవై రెండు.
ఏడు ఎప్పుడు చూశానో గుర్తు లేదు."
ఎవరూ ఏమీ అనలేదు. రెక్స్ లేచి కెటిల్ పెట్టాడు.
"రేపు ఆరింటికి" అంది నోరీన్, "ఆసుపత్రికి నేను తోలుతా.
నువ్వు నా రేడియో ముట్టుకోకు."

తరవాత డెస్ నా వైపు తిరిగాడు.
"నీ వంతు, వక్."
మోకాలి మీద తట్టాడు, ఇక్కడ పెట్టమని.
డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఒళ్ళో నా కాలు!
వద్దన్నాను. పెట్టాను.
గింజ నలిపి చూసే ఆ బొటనవేలు
నా అరికాలంతా మెల్లగా నడిచింది.
నా చెయ్యి నన్నడక్కుండానే
అతని భుజం తాకి, నా కళ్ళ దాకా వెళ్ళింది.

"ఎండ పడుతోందా?" అన్నాడు.
షెడ్డు తలుపు దించే ఉంది.
ఔనన్నాను.