ఇకమీదట

ఆర్మీనియన్ వీధిలో జిరాక్సు కొట్టు మెట్ల కింద
ఇరవై ఆరేళ్లుగా నా టైపుమిషను.
ఇప్పుడు కంప్యూటరు. మెట్లు మాత్రం అవే.
పేరు మార్చుకునేవాళ్లు ముందు నా దగ్గరికొస్తారు,
తర్వాత నోటరీ, ఆ తర్వాత గెజిట్.

చాలామందిని మార్చాను.
జాతకుడి మాట విని ఒక ‘హెచ్’ ఎక్కువ తగిలించుకున్నవాళ్లు,
మొగుడి పేరు తోక కోయించుకుని
ఎదురు కొట్లో నిలబడి గోలీసోడా తాగిన ఆవిడ,
ఫారంలో గడి చాలక ఇంటిపేరు ఒక్క అక్షరమై
ఆ అక్షరమూ తప్పుపడ్డ మనవాళ్లు.
ఒక కుర్రాడికి హీరో పేరు మొత్తం కావాలి, ఇంటిపేరుతో సహా.
“పెట్టుకో నాయనా.
ఆ పేరు చూపించి అప్పు అడక్కు,
రిబ్బను కోస్తానని అడ్వాన్సు పుచ్చుకోకు” అన్నాను.
“మరింకెందుకక్కా?” అని లేచిపోయాడు.

ఆడి తగ్గింపు బ్యానర్లు కట్టిన వారం
పెంచలయ్య వచ్చాడు.
బేసిన్ బ్రిడ్జి దగ్గర టీకొట్టు.
జేబులో మూడు మడతల కాగితం, మీద పాలమరక.
లాయరు నోటీసు:
‘కాళంగి టీ స్టాల్’ బోర్డు తీసెయ్యాలి,
ఆ పేరు టీపొడి కంపెనీ పేర రిజిస్టరై ఉంది,
పదిహేను రోజులు గడువు.

“కాళంగి మా ఏరు గదక్కా.
సూళ్లూరుపేట లోకల్లో పోతే కనిపిస్తాదే.
మా అమ్మ నన్ను కడిగింది దాంట్లోనే.”

చూశాను నేనూ. ఎండాకాలం అక్కడ
ఇసుక, తుమ్మముళ్లు, తిరగబడ్డ ఒక ట్రాక్టరు తొట్టి.
కంపెనీ ప్యాకెట్టు మీద మాత్రం
ఏడాది పొడుగునా రెండు గట్లూ ఒరుసుకుని పారుతుంది.

“నా పేరే కాళంగి అని మార్చెయ్యి.
సొంత పేరు రాసుకోవద్దనేది ఎవుడు?”
రోజూ రెండు టీలు ఖాతాలో తాగే
లా కాలేజీ పిల్లాడు చెప్పాడట.

“సొంత పేరైతే వాడుకోనిస్తుంది చట్టం, నిజమే.
కానీ ఏది ముందు పుట్టిందని అడుగుతుంది.
నోటీసు ఆషాఢంలో, బారసాల శ్రావణంలో అయితే
జడ్జి నవ్వుతాడు పెంచలయ్యా.”

“పోనీ, ఏరు వాళ్లదెట్టా అయింది?”
“అడగొచ్చు. కోర్టులో అడగాలి.
అడిగించే వకీలుకు వాయిదాకింత.”
వేళ్లు ముడిచి లెక్కేసుకున్నాడు. పన్నెండు రూపాయల టీలు
ఆ వేళ్లకు అందే లెక్క కాదు.
“ఏటికి పేరు పెట్టినోళ్ల దగ్గర కాయితం ఉంటాదా అక్కా?”

నేనేం చెప్పలేదు.
చేతులు అలవాటు కొద్దీ అప్పటికే కొట్టేశాయి:
పెంచలయ్య అను నేను, తండ్రి కీర్తిశేషులు మస్తానయ్య,
స్వస్థలం సూళ్లూరుపేట తాలూకా, ఇకమీదట
ఆ మాట పక్కన గీత ఒకటి
వెలుగుతూ ఆరుతూ నిలబడి ఉంది.

దానివంకే చూశాడు చాలాసేపు.
“కోన సామికి మొక్కుకుని పెట్టినాడు మా నాయన.
దీన్ని తీసేసి…”
ప్యాకెట్టు సంగతి అన్నాడో, ఏటి సంగతో,
హారన్లలో వినపడలేదు.
“చెరిపెయ్ అక్కా.”

చెరిపాను. డబ్బులు వద్దన్నాను అని రాస్తే బాగుండును.
ఇరవై తీసుకున్నాను.

పోయిన వారం ఆ దారిన వెళ్తే
బోర్డు మీద సగానికి నీలం రంగు పూత,
మిగతా సగంలో ‘టీ స్టాల్’.
ఏటవాలుగా ఎండ పడుతుంటే
నీలం కిందినుంచి మూడు అక్షరాలు
పైకి తేలుతున్నాయి.

“ఇంకో పూత వెయ్యి, కంటికి ఆనుతోంది” అన్నాను.
“రంగు అయిపోయిందక్కా” అన్నాడు,
తలెత్తకుండా టీ తిరగబోస్తూ.
పై చేతినుంచి కింది చేతికి
గజం పొడుగు ఎర్రటి ధార,
ఎక్కడా తెగలేదు.