పదిహేను అంగుళాలు

ఆటోనగర్ రెండో గేటు లోపల మీరావలి షెడ్డులో
వెనక భాగం జాకీల మీదికి ఎత్తిన ఎర్ర బీఎండబ్ల్యూ.
పద్దెనిమిది విప్పాం.
పదిహేను పట్టుకొచ్చాడు కుర్రాడు, సుధీంద్ర:
రిమ్ము చిన్నది, టైరు మాత్రం బొద్దుది,
నూనెలో పొంగిన బూరెలా.
"కదిలేటప్పుడు రోడ్డుని కరవాలి మావా, అందుకే."

ఎక్కిస్తే ఎక్కలేదు.
క్యాలిపర్ భుజం రిమ్ముకి తగులుతోంది.
గోరంతే,
కానీ ఇనుము మొహమాటానికి జరగదు.

సరే బ్రేకే చిన్నది చేద్దాం, అన్నాడు మీరావలి.
ఏదో పాత కారు డిస్కులు తెచ్చి నా బల్ల మీద పడేశాడు.
బ్రాకెట్లు కోశాను. స్పేసర్లు లేతు మీద తిప్పాను.
నీలం చుట్టలై రజను కాళ్ళ దగ్గర రాలింది.
ముప్ఫై ఏళ్ళుగా
మారేడుమిల్లి ఘాటు దిగే లారీలకి
బ్రేకు ఇంకాస్త పట్టేలా చెయ్యడమే నా పని.
తగ్గించమని వచ్చింది వీడొక్కడే.

"మరి ఆగాలంటే?"
"పావు మైలే కదా మావా,
ఆ తరవాత బోలెడు రోడ్డుంది."

నా లేతుకి బ్రేకు లేదు.
స్విచ్చి కట్టేశాక కూడా చక్కు పదకొండు చుట్లు తిరుగుతుంది.
మూడో చుట్టులో పోయింది నా చిటికెన వేలు.
మిగతా ఎనిమిదీ
నిలబడి చూశాను.

సాయంత్రానికి చక్రం కూర్చుంది.
చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకుండా
గాలిలా తిరుగుతోంది.
కుర్రాడు ఫోను తీసి వీడియో పట్టుకుంటున్నాడు.

ఎక్కి బ్రేకు నొక్కవయ్యా, అన్నాను.
నొక్కాడు. ఆగింది.
మళ్ళీ తిప్పాను.
ఇంకోసారి, అన్నాను.
మీరావలి దీపాలార్పుతున్నాడు.
ఇంకోసారి.