ప్రశ్నలు లేని వాంగ్మూలం

(మతుంబి కొండలు, తూర్పు ఆఫ్రికా, 1908.
ప్రశ్నలున్న సగం కాగితాన్ని చెదలు తినేశాయి.)

అవును, సోమోయేనే.
కివాంగా భార్యని. ఉన్నాడనే రాసుకోండి,
శవం చూపిస్తే తప్ప చచ్చినట్టు రాయమన్నారుగా.

లేదు, నేను తాగలేదు. పోశాను.
జొన్నపిండి కలిపిన నీళ్ళు, చెంచాడు ఆముదం.
నుదుటి మీద కాస్త, రొమ్ము మీద కాస్త,
మిగిలింది గొంతులో.
ఆ రోజు వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు
పెళ్ళికి తరలినట్టు నవ్వుకున్నారు.

మాజి.
నీళ్ళని మేం అలా అంటాం, దొరా.

        (ఎత్తిరాస్తున్న నాకు
        నా భాషలో ఆ మాట వేరేగా వినబడుతోంది.
        మాజీ. ఒకప్పుడు అయి ఉండి ఇప్పుడు కానిది.
        మాజీ ఊరు. మాజీ మొగుడు.
        భుజం దగ్గర ఆగిపోయిన మాజీ చెయ్యి.)

తూటాలు నీళ్ళవుతాయనే చెప్పాను.
కాలేదు. మీకు తెలియనిదా, మరతుపాకి మీదేగా.

ఎందుకు నమ్మామంటే
పత్తి చేలో నా కూతురికి నొప్పులొస్తే
సాలు పూర్తిచేసి పొమ్మన్నాడు మేస్త్రీ.
దుబాసీ, ఇది చెప్పకు.
తెలీదట అను.

తరవాతా?
తరవాత మీవాళ్ళు గాదెలు తగలబెట్టారు.
జొన్నలు పేలాలైన వాసన
మూడు రోజులు కొండ దిగలేదు.
పిల్లల్ని చంకనేసుకుని పరిగెడుతున్నామా,
ఆ కమ్మటి వాసనకి
నోట్లో నీళ్ళూరాయి.
మంత్రించిన నీళ్ళ కంటే ముందు పుట్టిన నీళ్ళు.
సిగ్గేసింది.

డోళ్ళు దాచలేదు దొరా.
తోలు విప్పి నానబెట్టి తినేశాం.
చెక్క అంటుకోదు, పచ్చిది. కావాలంటే తీసుకెళ్ళండి.

ఇప్పుడక్కడ ఊరేం లేదు, అడవిపందులున్నాయి.
నా పొయ్యి గడ్డ మీద ఏనుగు నడిచిపోయింది.
దానికి పాత దారి గుర్తుంది.
నాకే గుమ్మం ఎటుండేదో తెలీలేదు.

ఆ, మీరు పంపిన పత్తి గింజలు ముట్టాయి.
కుండెడు. గుమాస్తా తలగొట్టి మరీ కొలిచాడు.
విత్తాను. మీరు చెప్పిన లోతునే, మీరు చెప్పిన ఎడంలోనే.
వేలిముద్ర ఎక్కడెయ్యమంటారు?

మొలవలేదు, నిజమే.
పక్క చేను నంబేకాదీ అంతే.
ఏటి అవతల కూడా అంతేనట.
నేల అలిగిందేమో.

(దుబాసీ, నీదీ ఈ కొండేగా.
మీ అమ్మ పొయ్యి మీద కూడా
రాత్రంతా కుండ కుతకుతలాడింది కదూ.
మంత్రం ఏమీ లేదురా.
నీళ్ళే. ఈసారి కాచాం.
కళ్ళు దించు. నవ్వకు.)

అబ్బే, అతను నవ్వలేదు దొరా.
దగ్గు.
కాసిని మంచినీళ్ళు ఇప్పించండి.