కరెంటు బిల్లు వెనక

కరెంటు బిల్లు వెనక నిలువుగా ఒక గీత గీశాను.
ఎడమ పక్క బీగిల్, కుడి పక్క ముధోల్.
ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీ స్టోర్సులో లెక్కలు రాసిన చెయ్యి,
కుక్కనైనా ఇన్‌వాయిస్ లాగే చూస్తుంది.

తిండి: బీగిల్‌కి ఎంత పెట్టినా చాలదు.
ముధోల్ గిన్నె వాసన చూసి, ఆలోచించి, సగం వదిలేస్తుంది.
బొచ్చు: రెండిటికీ పొట్టిదే.
పరుగు: ఒకటి ముక్కు ఎటు లాగితే అటు,
ఇంకొకటి చూపు ఆనినంత మేర.
కగ్గదాసపురలో మాకున్నవి రెండు గదులు, ఒక బాల్కనీ,
బాల్కనీలో సగం వాషింగ్ మెషీన్.
అరుపు:
ఇక్కడ పెన్ను ఆగింది.

సువర్చలకి వినికిడి పోతోంది.
ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కర్ విజిల్.
పోయిన శ్రావణంలో కాలింగ్ బెల్.
డాక్టరు చూపించిన గ్రాఫు
ఘాట్ రోడ్డులా కిందికి దిగుతోంది.
చెవి మిషన్‌లో అంట్ల చప్పుడు తప్ప ఏమీ రావడం లేదని
తీసి పోపుల పెట్టెలో, ఆవాల పక్క ఖాళీ గిన్నెలో పెట్టింది.

అందుకే కుక్క.
నేను డ్యూటీలో ఉన్నప్పుడు
గుమ్మంలో ఎవరో ఉన్నారని చెప్పడానికి ఒక ప్రాణి.

మొదటి ఆదివారం జాలహళ్ళి.
ఫిలోమినా గారి బీగిల్ మమ్మల్ని చూసి
మోర పైకెత్తి ఊళ పెట్టింది,
రైలు గేటు దగ్గర గూడ్సు బండి కూతలా.
సువర్చల చటుక్కున తల తిప్పింది.
"విన్నాను" అంది.
ఎన్నాళ్ళకో ఒక శబ్దం వైపు
తనంతట తాను తిరిగిన ఆ మెడని
చూస్తూ నిలబడిపోయాను.
అది నా ఎడమ చెప్పు నములుతున్నా కదల్లేదు.
బస్సు ఎక్కకముందే ఎడమ గడిలో టిక్కు పెట్టేశాను.
ఓనరు చెన్నబసప్ప ఏమంటాడో తర్వాత చూసుకోవచ్చు,
కింది వాటా పసిబిడ్డ నిద్ర కూడా.

రెండో ఆదివారం మాటిచ్చాం కాబట్టి వెళ్ళాం, హెసరఘట్ట.
బాగల్‌కోట నుంచి వచ్చి స్థిరపడ్డ ఈరణ్ణ తోటలో
ముధోల్ దూరంగా గట్టు మీద నిలబడి ఉంది.
పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.
ఎండకి ఎదురుగా పల్చటి చెవి,
అందులో తమలపాకు ఈనెల్లా నరాలు.
మొరగలేదు. రాలేదు.
ఇదేం కుక్కరా బాబూ,
దొంగొస్తే మర్యాదగా దారిస్తుంది, అనుకున్నాను.

ఈరణ్ణ పిలవలేదు.
చెయ్యి పక్కకి చాపి అరచెయ్యి తిప్పాడు, అంతే.
గట్టుకీ మాకూ మధ్య ఉన్న రాగిచేను
ఒక్కసారి మడతపడినట్టయింది.
వచ్చి ఆగింది. దాని కళ్ళు ఆయన చేతి మీదే.
"ఎదురుగాలికి పిలుపు అందదు సార్, అందుకే ఇలా" అన్నాడు.
సువర్చలకి ఆ మాట వినపడలేదు.
నేను చెప్పబోయేలోగా
తనూ చెయ్యి చాపింది, అరచెయ్యి తిప్పింది.
అది నాలుగడుగులు వేసి
ఒళ్ళంతటి బరువూ ఆమె మోకాలికి ఆన్చింది.

తిరుగు దారిలో కొట్లాట,
రెండు బస్సులు మారేంత సేపు, కాగితం మీద.
"బీగిల్ నీకు వినపడింది కదా" అని రాశాను.
"ఈ ఏడు వినపడుతుంది" అని రాసింది.
మేఖ్రీ సర్కిల్ దగ్గర పెన్ను లాక్కుని దాని కింద:
"పోయే చెవితో దానికి స్నేహం.
ఉండే కళ్ళతో దీనికి."
గడులు నిండిపోయాయి. బిల్లు మడిచి జేబులో పెట్టాను.
తిండి ఖర్చు తక్కువేలే అని
ఓడిపోయినవాడి లెక్క ఒకటి మనసులో వేసుకున్నాను.

ఇప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా
అది లేచి వెళ్ళి ఆమె ఎదుట నిలబడుతుంది.
నేర్పడానికి పదకొండు వారాలు,
ఒక సోఫా కవరు, బోలెడు ఉడికించిన కోడిగుడ్లు పట్టాయి.

పేరు తనే పెట్టింది.
చూపుడు వేలు చెంపకి ఆనించి
మెల్లగా ముందుకు వదలాలి.
ఇక్కడ రాయడానికి రాదు.
నేను పిలిస్తే ఒక్కోసారి పలకదు,
వేలు సరిగ్గా ఆనలేదంటుంది సువర్చల.

చెన్నబసప్పకి ఇంకా తెలియదు.