గ్లాసుడు నీళ్ళు

ఏ ఊళ్ళో దిగినా ముందు నేనడిగేది నీళ్ళు.
దాహమనుకుంటారు.
కొందరు మజ్జిగే ఇస్తారు.
మజ్జిగతో ఆకాశం వెయ్యలేనని చెప్పడానికి
మొహమాటపడి తాగేస్తాను,
మళ్ళీ అడుగుతాను.

ఆమదాలవలస ప్లాట్‌ఫారం కుళాయిలో
నీళ్ళది కొంచెం తుప్పు రంగు.
గుణుపూరు బండి ఆలస్యమైన పూట
వాటితోనే గూడ్సు పెట్టెల్ని వేశాను.
తుప్పుకి వేరే రంగు కలపాల్సిన పని లేకపోయింది.

పొందూరులో తవిటమ్మ
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
తెలుపు బిళ్ళ ఏదని అడిగింది.
నా పెట్టెలో తెలుపు ఉండదమ్మా,
తెల్లగా ఉండాల్సిన చోట
చెయ్యి ఆపుకోవడమే, అన్నాను.
"మాకూ అంతే" అంది.
దేనికి అంతే అని అడగలేదు నేను.

రెండొందలు చెబితే యాభై అంటారు.
ఒక్కోసారి డబ్బుకి బదులు వంకాయలు.
పోయిన శ్రావణంలో
పాలకొండ బస్సు కిటికీ మూతపడక
సంచిలోని పదకొండు ఊళ్ళూ తడిసి
ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి.
వీరఘట్టం కొండ రాజాం సంతలోకి జారింది.
సంతలో ఉల్లిపాయలు నిజంగానే కొండెక్కాయి.
కండక్టరు చూసి టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వబోయాడు,
నేనే వద్దన్నాను.

నౌపడ ఉప్పుమళ్ళ గట్టున
తడి ఆరని ఆకాశం మీద చిటికెడు ఉప్పు చల్లితే
ఒక్కో కణికా తన చుట్టూ ఉన్న నీలం తాగేసి
చిన్న చిన్న చుక్కల్ని వదిలింది.
ఉప్పు లాగే కుర్రాడు కూర్మారావు
"మా ఉప్పు సేత కూలి లేకుండా పంజేయించీసినావు"
అని నవ్వాడు.

ఉద్దానంలో, కవిటి దాటాక,
జీడితోటల మధ్య దాలమ్మ ఇల్లు.
కొబ్బరి నీడలో నుయ్యి ఉంది, గిలక ఉంది,
చేద జారవిడిచి నేనే తోడుకోబోయాను.
"ఆ నీల్లొద్దు బావూ."
తాగడానిక్కాదమ్మా, బొమ్మకి.
"బొమ్మకైనా ఒద్దు."

అరుగు మీద ఆమె పెనిమిటి,
ఉబ్బిన కాళ్ళు చాపుకుని, గోడకి ఆనుకుని.
పక్కన మందుల సంచి.
వారానికి రెండుసార్లు పలాస వెళ్ళొస్తాడట
రక్తం కడిగించుకోడానికి.
నా కుంచె కడుక్కోడానికి
ఆమె కొన్న నీళ్ళ క్యాను వంచింది.

ఆ రోజు తక్కువ నీళ్ళతో వేశాను.
రంగు చిక్కబడింది, అంచులు బిరుసెక్కాయి.
నుయ్యి వేశాను, గిలక వేశాను, తాడు వేశాను.
లోపలి నీళ్ళ దగ్గరికొచ్చేసరికి
చెయ్యి ఆగిపోయింది.
ఆయన చాలాసేపు చూసి
"ఇంకా అవనేదు" అన్నాడు.
అవలేదన్నాను.

మిగిలిన రంగునీళ్ళు పారబోయబోతే
గ్లాసు లాక్కుంది దాలమ్మ.
కొన్న నీళ్ళు కదా.
కరివేప మొక్క మొదట్లో పోసింది ఆ నీలాన్ని.

ఆ బొమ్మని విజయనగరంలో ఒకాయన అడిగాడు,
మంచి ధరకే,
నూతిలో కాస్త నీలం వేసిమ్మన్నాడు.
పెట్టెలో నీలం ఉంది.
బొమ్మని అట్టల అడుక్కి తోసేశాను.

మళ్ళీ వెళ్ళాను, జీడిపూత వేళ.
అరుగు కడిగి ఉంది. మందుల సంచి లేదు.
గోడ మీద తల ఆనిన చోట నూనె మరక,
కూర్చున్న మనిషంత ఎత్తున.
ఏం అడగాలో తెలీక
మొక్క బతికిందా అన్నాను.
"బతికింది. ఆకు పచ్చగానే వొచ్చింది,
నీలంగా రానేదులే."

నేను అడక్కముందే
గ్లాసుడు నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది.
తాగడానికో వెయ్యడానికో చెప్పలేదు.

సగం తాగాను.