రసీదు బుక్కు

కాశిబుగ్గల బైండింగు షాపు మీది అర్ర.
నాలుగు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను.
ఈ నెల కిరాయి చందాలతోటి ఎల్లింది,
వచ్చే నెల సంగతి తెల్వది.
తలుపు బయట నేను రసీదులు రాస్త,
లోపల స్వరూపక్క వింటది.

పరకాల నుంచి కొమురెల్లి, భాగ్య.
ఇద్దరి నడుమ ఒక కుర్చీ ఖాళీ.
ఆమె చెప్పుకుంట పోయింది,
ఆయన ఫ్యాను దిక్కే చూసిండు.
రెండో వారం గూడ ఫ్యానే.
మూడోసారి నోరిప్పిండు:
"బేరింగు పోయింది దీనికి."
జరసేపాగి,
"నిద్ర పడ్తలేదక్కా. ఏడాదాయె."
భాగ్య ఖాళీ కుర్చీలకు జరిగింది.

నిన్న స్టూలెక్కి బేరింగు మార్చిండు.
పైసలు వద్దన్నడు.
పేరు కాడ కొమురెల్లి అని రాసిన,
రూపాయల కాడ పెన్ను ఆగింది.

ఇప్పుడు చప్పుడు లేదు.
లోపలెవరిదో ఏడుపు నాదాక ఇనవడ్తున్నది.
బుక్కు పట్టుకొని
మెట్ల మీదికి పోయి కూసున్న.