విరిగిన పాలు

తెల్లారి అయిదింటికి
శివకోడు పాలకేంద్రం షట్టరు ఎత్తేది నేనే.
నలభై రెండు ఇళ్ల పాలు నా చేతుల మీదుగా పోతాయి.
గరిటెడు తీసి మిషన్లో పోస్తే
వెన్నెంతో నీళ్లెన్నో అంకెల్లో చెప్పేస్తుంది.
పోశియ్య గేదె ఆరున్నర.
ధనరాజు గారిది ఎప్పుడూ అయిదుకి లోపే,
అడిగితే "మేత మారిందండి, ఆయ్" అంటాడు.

నా పాలకి మిషను లేదు.
రెండు గుక్కలు తాగి, వదిలేసి,
మళ్లీ వెతుక్కుని, మళ్లీ ఏడ్చే
మూడో నెల పిల్ల ఏడుపే
దాని రీడింగు.

"చాలట్లేదే అమ్మాయ్" అంది మంగాయమ్మత్త.
తెలగపిండిలో మునగాకు వేసి వండింది.
అంతర్వేది నుంచి పాలసొర తెప్పించింది.
తిన్నాను. అన్నీ తిన్నాను.
పిల్ల బరువు మాత్రం
పోయిన నెల దగ్గరే ఆగింది.

పోతపాలు పట్టమన్నారు.
రాజోలు మందులషాపులో తాతాజీ
"అందరూ ఇదే తీసుకెళ్తారండి" అని ఇచ్చిన డబ్బా
రెండో రోజుకే బుగ్గల మీద ఎర్రగా తేలింది.
ఇల్లంతా పుల్లటి వాంతి వాసన,
ఉతికిన గుడ్డల్లో కూడా.
సోయా డబ్బా మార్చి చూశాం.
మూడు రాత్రులు కడుపు డోలులా బిగిసి
కాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఏడ్చింది.

ఇక సలహాలు.
మేకపాలన్నారు. ఓంవాటరన్నారు.
కాలవగట్టు మీద గాడిదను తోలుకొచ్చినాయన
ఉగ్గుగిన్నెడు రెండొందలన్నాడు.
దిష్టన్నారు. ఉప్పు తిప్పి పోశాం.
"ఇన్నిళ్ల పాలు కొలుస్తావు,
నీ పిల్లకి గుక్కెడు దొరకలేదా"
అందొకావిడ, నవ్వుతూనే.

ఆ వారం డయపర్లో
ఎర్ర దారప్పోగంత నెత్తురు.

చించినాడ వంతెన దాటేవరకు
పండుబాబు వెనక్కి తిరిగి చూడలేదు,
బండి కూడా ఆపలేదు.
కింద వశిష్ఠ ఉందో లేదో నాకు గుర్తులేదు.

పాలకొల్లులో డాక్టరు ఝాన్సీ గారు
తొందరపడకుండా చెప్పింది:
ఆవైనా గేదైనా ఆ పాలే దీనికి పడవమ్మా.
నువ్వు తాగినవీ నీ పాలల్లోంచి దీనికి చేరతాయి.
నీ పాలు మానకు, ఆ పాలు నువ్వు మాను.
చాలనప్పుడు ఈ డబ్బా పట్టు.
ఇందులో పాలని ముందే
ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టి ఉంచుతారు.

విరిగిన పాలు!
కేంద్రంలో విరిగితే కాలవలో పారబోస్తాం,
ఆ రోజు లెక్కలో కొట్టేస్తాం.
దీనికి విరిగినవే కావాలట,
అదీ అంత ఖరీదుకి.
డబ్బా అయిదు రోజులు.
డబ్బాకి పండుబాబు
ఎన్ని కొబ్బరిచెట్లు ఎక్కి దిగాలో
వేళ్ల మీద లెక్కేసి, మధ్యలో ఆపేశాడు.

మూత తీస్తే
తడిసిన ఇనుము, ఉడికిన దుంపతొక్కల వాసన.
చుక్క నాలిక మీద వేసుకుని
"చేదే!" అన్నాడు, "తాగుద్దంటావా?"
తాగలేదు. ఉమ్మేసింది.
కలిపిన పాలలో ఒక చెంచాడు
నా పాలలో దాచి పట్టాను.
మర్నాడు రెండు. ఆపై మూడు.
నా రుచి కొంచెం కొంచెం తగ్గిస్తూ
దాన్ని మోసం చేస్తున్నట్టే ఉండేది.
ఆరో రాత్రి
సీసా ఖాళీ చేసి, గట్టిగా త్రేన్చి,
నా జాకెట్టు కొస పట్టుకుని పడుకుంది.
నేను మాత్రం మెలకువగానే ఉన్నాను,
ఏడుపు కోసం ఎదురుచూస్తూ.

పెరుగు లేకుండా
అన్నం ముందు నుంచి లేవడం
ఇంకా చేతకావట్లేదు.
పొద్దుటంతా పాల మధ్య నిలబడి
నల్లటి డికాషను తాగుతున్నాను.

నిన్న అందరూ వెళ్లాక
కాటా మీద తువ్వాలు పరిచి
సున్నా చేసి
దాన్ని పడుకోబెట్టాను.
అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి:
అయిదూ నూట నలభై.
నలభై మూడో వరుసలో రాసుకున్నాను.
పేరింకా పెట్టలేదు, "పాప" అని రాశాను.
వెన్న శాతం గడి ఖాళీగా వదిలేశాను.